కడుపునొప్పి బడి వేళకే ఎందుకొస్తుంది?

స్కానింగులో ఏమీ ఉండదు. రక్తపరీక్షలూ బాగానే ఉంటాయి. అయినా పిల్లాడికి నొప్పి తగ్గదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది తరగతి గదిలో ఉంటుంది. దాన్ని అక్కడికే వెళ్లి చూడగలిగే మనిషి స్కూల్ సైకాలజిస్ట్. వీరేం చేస్తారు? ఎప్పుడు కలవాలి? ఏమేం అడగాలి?

సోమవారం ఓపీ అంటే మాకు ఊపిరాడదు. అలాంటి ఒక సోమవారమే ఆ ఆరో తరగతి బాబు మూడోసారి వచ్చాడు. వెంట తల్లి. ఆమె చేతిలో కవరు నిండా రిపోర్టులు.

‘‘పొద్దున లేవగానే బొడ్డు చుట్టూ నొప్పి అంటాడు సార్. పది గంటలకల్లా తగ్గిపోతుంది. ఈలోపు బడి బస్సు వెళ్లిపోతుంది’’ అందామె.

మొదటిసారి వచ్చినప్పుడు నులిపురుగుల మందు ఇచ్చాను. రెండోసారి గ్యాస్ మందు రాశాను. ఆ తర్వాత వాళ్లే బయట స్కానింగ్ చేయించుకున్నారు. అందులో ‘కడుపులో చిన్న లింఫు గ్రంథులు కనిపిస్తున్నాయి’ అని రాశారు. పిల్లల్లో ఇవి తరచూ కనిపించేవే. చాలాసార్లు వీటికి ఏ చికిత్సా అక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో అది ‘కడుపులో గడ్డలు’ అయిపోయింది. తల్లి రెండు రాత్రులు నిద్రపోలేదట.

ఆ కవరులోనే ఒక ఉత్తరం ఉంది. వారానికి రెండు రోజులు వాళ్ల బడికి వచ్చే సైకాలజిస్ట్ రాసింది. అరపేజీకి మించి లేదు. నొప్పి ఆదివారాల్లో రావటం లేదు. దసరా సెలవుల్లో ఒక్కరోజూ రాలేదు. మొదటి పీరియడ్‌లో పాఠం పైకి చదివించే రోజుల్లోనే ఎక్కువగా వస్తోంది. అడిగితే నోటితో జవాబులు చక్కగా చెబుతున్నాడు, రాయమంటే ఒత్తులు ఎగిరిపోతున్నాయి. చదవటానికి నిలబెట్టినప్పుడు వెనక బెంచీ పిల్లలు నవ్వుతున్నారు. ‘శారీరకమైన కారణాలేమైనా ఉన్నాయేమో చూసి చెప్పగలరు’ అని చివర్లో అడిగారు.

నేను ఆ బాబు కడుపు మూడుసార్లు నొక్కి చూశాను. నొప్పి ఏ రోజుల్లో వస్తోందని ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు మాత్రం గోడ మీది బోర్డు చూపించి ‘‘ఏం రాశారో చదువు నాన్నా’’ అన్నాను. ‘భోజనానికి ముందు చేతులు’ వరకూ కూడబలుక్కున్నాడు. ‘శుభ్రంగా’ దగ్గర ఆగిపోయాడు. చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది.

(ఈ వ్యాసంలో చెప్పిన పిల్లల్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.)

నొప్పి నటన కాదు

ఇలాంటి పిల్లల్ని ఇంట్లో ‘బడిదొంగ’ అంటారు. ‘వంకలు పెడుతున్నాడు’ అని కోప్పడతారు. నిజానికి ఆ నొప్పి ఉత్తుత్తిది కాదు. మన పేగుల్లో నాడుల అల్లిక చాలా దట్టంగా ఉంటుంది. దానికీ మెదడుకూ మధ్య నిరంతరం కబుర్లు నడుస్తూనే ఉంటాయి. భయం, ఆందోళన కలిగినప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలు కదలికలు కూడా నొప్పిగా తోస్తాయి. పరీక్షకు ముందు మనలో చాలామంది మరుగుదొడ్డికి పరుగెత్తిన సంగతి గుర్తుచేసుకుంటే చాలు. తలనొప్పి, వికారం, గుండెదడ, కళ్లు తిరగటం కూడా ఇలాగే రావచ్చు.

కాబట్టి ‘నీకేం లేదు, లే’ అన్న మాట పిల్లల్ని ఇంకా ఒంటరిని చేస్తుంది. ‘నొప్పి నిజమే. ఎందుకొస్తోందో కలిసి చూద్దాం’ అనటం మేలు. అయితే అన్ని నొప్పుల్నీ మనసు మీదికి నెట్టేయటమూ ప్రమాదమే. ముందు డాక్టరు చూడాలి.

డాక్టరుకు వెంటనే చూపించాల్సినవి

* బరువు తగ్గటం, ఎదుగుదల మందగించటం
* నిద్రలోంచి లేపేంత నొప్పి
* మలంలో రక్తం, ఆగని వాంతులు లేదా విరేచనాలు
* జ్వరం, కీళ్లనొప్పులు, మూత్రంలో మంట
* బొడ్డుకు దూరంగా, ఒకేచోట, ముఖ్యంగా కుడివైపు కింద నొప్పి
* తెల్లవారుజామున తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారటం

ఇవేవీ లేకుండా నెలల తరబడి నొప్పి వచ్చిపోతుంటే, సెలవుల్లో మాయమవుతుంటే, పరీక్షల మీద పరీక్షలు చేయించటం ఆపి బడివైపు చూడాలి.

ఎవరీ స్కూల్ సైకాలజిస్ట్?

ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ తొలి సైకాలజీ క్లినిక్ తెరిచారు. అక్కడికి మొదట వచ్చిన పిల్లల్లో ఒకడి సమస్య అక్షరదోషాలు లేకుండా రాయలేకపోవటమే! 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే తన సహచరుడితో కలిసి తెలివితేటల్ని అంచనా వేసే పరీక్ష రూపొందించారు. చదువులో అదనపు సాయం ఎవరికి కావాలో తెలుసుకోవటం దాని ఉద్దేశం. పిల్లలకు ‘తెలివైనవాడు, మొద్దు’ అని ముద్రలు వేయటానికి దాన్ని వాడటం తర్వాత మనం చేసిన తప్పు.

మన దగ్గర ఈ పేర్లన్నీ కలగాపులగంగా వాడుతుంటారు. తేడా ఇదీ:

* స్కూల్ సైకాలజిస్ట్: మనస్తత్వశాస్త్రంలో పీజీ చేసినవారు. చదువు, ప్రవర్తన, భావోద్వేగాలు మూడింటినీ కలిపి చూస్తారు. మందులు రాయరు.
* కౌన్సెలర్: మాట్లాడి, ధైర్యం చెప్పి, దారి చూపేవారు. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా కోర్సు నడుపుతోంది. చాలా బడుల్లో సైకాలజిస్టు పని కూడా వీరే చేస్తారు.
* స్పెషల్ ఎడ్యుకేటర్: చదవటం, రాయటం, లెక్కల్లో ఇబ్బంది ఉన్న పిల్లలకు వేరే పద్ధతిలో నేర్పేవారు.
* క్లినికల్ సైకాలజిస్ట్: లోతైన పరీక్షలు, మానసిక చికిత్స చేసేవారు. భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి.
* సైకియాట్రిస్ట్: మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. అవసరమైతే మందులు ఇస్తారు.

గదిలో కూర్చోబెట్టి మాట్లాడటమేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి సైకాలజిస్టు పనిలో ఎక్కువ భాగం గది బయటే ఉంటుంది. మంచి సైకాలజిస్టు మొదట ఇంట్లోవాళ్లతో మాట్లాడతారు. పుట్టినప్పటి సంగతులు, మాటలు ఎప్పుడొచ్చాయి, నిద్ర, ఇంట్లో ఇటీవల జరిగిన మార్పులు.. అన్నీ అడుగుతారు. కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించారా అనీ అడుగుతారు. బోర్డు కనపడక వెనకబడిన పిల్లలు తక్కువేం కాదు.

తర్వాత తరగతిలో వెనక కూర్చుని గమనిస్తారు. పిల్లాడు ఏ పీరియడ్‌లో ముడుచుకుపోతున్నాడు, ఆటల పీరియడ్‌లో ఎలా ఉన్నాడు, మధ్యాహ్నం ఎవరితో కలిసి తింటున్నాడు? నోటు పుస్తకాలు తిరగేస్తారు. ముగ్గురు నలుగురు టీచర్లను విడివిడిగా అడుగుతారు. నాలాంటి డాక్టరుకు ఓపీలో దొరికేవి కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఈ దృశ్యమేదీ కనపడదు.

అవసరమైతేనే పరీక్షలు పెడతారు. మన దేశంలో తెలివితేటలకు బినే-కామత్, మాలిన్స్ పరీక్షలు, చదువు ఇబ్బందులకు బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలు బాగా వాడుకలో ఉన్నాయి. వీటిలో తప్పటం, నెగ్గటం ఉండవు. ఒక్క ఐక్యూ అంకె చూసి పిల్లాడి భవిష్యత్తు తేల్చేవారిని నమ్మకండి.

చివరికి చేతికి రావాల్సింది ఒక ప్రణాళిక. బడి ఏం మార్చాలి, ఇల్లు ఏం మార్చాలి, పిల్లాడు ఏం సాధన చేయాలి, మళ్లీ ఎప్పుడు కలవాలి అన్న నాలుగూ అందులో ఉండాలి. ‘ఆత్మవిశ్వాసం పెంచండి’ అని రాసిచ్చిన కాగితం ప్రణాళిక అనిపించుకోదు.

మొద్దు కాదు, అక్షరాల చిక్కు

మా బాబుకు తేలిందేమిటంటే, తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. చదవటం మాత్రం రెండు తరగతులు వెనక ఉంది. దీన్నే డిస్లెక్సియా అంటారు. అక్షరాన్నీ శబ్దాన్నీ జతచేయటంలో మెదడుకు ఎక్కువ సమయం పడుతుంది. బద్ధకానికీ, పెంపకానికీ దీంతో సంబంధం లేదు.

తెలుగులో ఇది ఇలా బయటపడుతుంది: ఒత్తులు వదిలేయటం, దీర్ఘాలు తారుమారు చేయటం, మ-య, ప-ష వంటి అక్షరాల్ని ఒకదానికొకటి పొరబడటం, మొదటి అక్షరం చూసి మిగతా పదం ఊహించి చెప్పేయటం. అమ్మ చదివి వినిపిస్తే జవాబు ఠక్కున చెబుతారు, తామే చదవాలంటే చెమటలు పడతాయి. పాఠం బట్టీపట్టి చదివినట్టు నటించేవాళ్లూ ఉంటారు. అందుకే నాలుగైదు తరగతుల దాకా ఎవరికీ అనుమానం రాదు.

ఒక జాగ్రత్త ఉంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారిన పిల్లలు ఇంగ్లిష్‌లో తడబడటం సహజం. అది డిస్లెక్సియా కాదు. పిల్లాడు బాగా నేర్చుకున్న భాషలోనూ అదే ఇబ్బంది ఉందా అని చూస్తేనే తేడా తెలుస్తుంది. ఇంట్లో మాట్లాడే భాషలో పరీక్షించకుండా ‘డిస్లెక్సియా’ అంటే మరోచోట అభిప్రాయం తీసుకోండి.

ఇలాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించింది. సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాకే దీనికి సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఉంటాయి. రాష్ట్ర బోర్డు విద్యార్థులైతే హెడ్‌మాస్టర్ని అడగండి. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికి వచ్చాక పరుగెడితే అందదు. తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి.

‘నాన్నకు చెప్పొద్దు సార్’

చిన్నపిల్లల్లో కడుపునొప్పిగా కనిపించేది ఎదిగిన పిల్లల్లో ఇంకో వేషం వేసుకొస్తుంది. ఒక రాత్రి ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయిని హాస్టల్ నుంచి ‘ఫిట్స్’ అని తీసుకొచ్చారు. ఎగశ్వాస, చేతివేళ్లు కొంకర్లు పోయాయి, పెదాల చుట్టూ తిమ్మిరి. షుగరు, ఈసీజీ, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. భయంతో గబగబా ఊపిరి తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఇలా అవుతుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదిలిస్తే అరగంటలో సర్దుకుంది.

తెల్లారాక ఊరి నుంచి తండ్రి వచ్చారు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమని అడిగాను. ‘‘వారం పరీక్షలో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి మార్చారు. నాన్నకు చెప్పొద్దు సార్’’ అంది. చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని సూటిగా అడిగాను. తల ఊపింది. ఎన్నాళ్లుగా? నెల రోజులుగా. ఆ నెల రోజుల్లో ఎవరితోనైనా చెప్పుకున్నావా? ‘‘ఎవరున్నారు సార్ అక్కడ?’’

అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని తల్లిదండ్రులు భయపడతారు. అది అపోహ. అడగటం వల్ల ఆలోచన పుట్టదు. అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది, మనకు ప్రమాదం ఎంతుందో తెలుస్తుంది. అదే రోజు మానసిక వైద్య విభాగానికి తండ్రితో కలిసి పంపాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తోంది.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు బలవన్మరణాలకు పాల్పడ్డారు. ఒక్కో మరణానికీ ఒకే కారణం ఉండదు. కానీ చెప్పుకోవటానికి దగ్గర్లో ఒక మనిషి ఉండటం చాలా ప్రమాదాల్ని ఆపగలదు.

చెప్పిందంతా ఇంట్లో చెప్పేస్తారా?

పిల్లలకున్న పెద్ద భయం ఇదే. తల్లిదండ్రులకేమో ‘మాకు చెప్పకుండా దాచేస్తారా?’ అన్న భయం. సైకాలజిస్టు మొదటి రోజే ఇద్దరికీ స్పష్టం చేయాలి. స్నేహితులతో తగాదా, సినిమా కబుర్లు, చిన్నచిన్న రహస్యాలు ఆ గదిలోనే ఉంటాయి. పిల్లల ప్రాణానికో, వేరేవారి ప్రాణానికో ముప్పు ఉంటే తల్లిదండ్రులకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపుల సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపటం తప్పనిసరి. ఈ గీత ఎక్కడుందో ముందే తెలిస్తే పిల్లలు నమ్మి మాట్లాడతారు.

సైకాలజిస్టు గది నుంచి వచ్చిన పిల్లల్ని ‘ఏం చెప్పావ్? మా గురించి ఏమన్నావ్?’ అని నిలదీయకండి. ‘ఎలా అనిపించింది?’ అని అడిగి ఊరుకోండి.

బడికి ఇది బాధ్యత

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్‌ను కనీసం ఒకరినైనా నియమించుకోవాలంది. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయటం, నలుగురిలో అవమానించటం కూడదంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. సీబీఎస్ఈ కూడా తన గుర్తింపు నిబంధనల్లో కౌన్సెలర్ ఉండాలని పేర్కొంది. శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండింటినీ విద్యాహక్కు చట్టం-2009 నిషేధించింది.

కాగితం మీద ఉండటం వేరు, బడిలో ఉండటం వేరు. కొన్నిచోట్ల కౌన్సెలర్ పేరు అడ్మిషన్ల బ్రోచర్‌లోనే కనిపిస్తుంది. ఇంకొన్నిచోట్ల టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకు పంపుతారు. అల్లరి చేసినవాళ్లను ‘కౌన్సెలింగ్’ పేరుతో పంపి భయపెట్టిస్తారు. అలా ఒక్కసారి జరిగితే సాయం కావాల్సిన పిల్లలెవరూ ఆ తలుపు తట్టరు.

పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి

ఫీజు గురించి, మార్కుల గురించి అడుగుతూనే ఉంటాం. ఈసారి ఇవీ అడగండి:

* కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ ఉన్నారా? ఏం చదివారు? వారానికి ఎన్ని రోజులు వస్తారు?
* పిల్లలు టీచరు అనుమతి లేకుండా నేరుగా కలవొచ్చా? మాటలు బయటికి వినిపించని గది ఉందా?
* వాళ్ల నోట్సు ఎవరు చూస్తారు? ప్రోగ్రెస్ కార్డులో రాస్తారా? (రాయకూడదు)
* అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి పంపుతారు? తల్లిదండ్రులకు ఎంతసేపట్లో చెబుతారు?

ఎప్పుడు కలవాలి?

కింది వాటిలో ఏదైనా రెండు మూడు వారాలకు మించి కొనసాగితే ఆలస్యం వద్దు. చివరి దానికి ఒక్కరోజు కూడా ఆగొద్దు.

* బడి రోజుల్లోనే నొప్పులు, వాంతులు. తరచూ బడి మానటం
* ఉన్నట్టుండి మార్కులు పడిపోవటం, ఇష్టమైన ఆటలు మానేయటం
* నిద్ర, తిండి మారిపోవటం, గదిలోంచి రాకపోవటం
* వస్తువులు పోవటం, ఒంటి మీద దెబ్బలు, ఫలానా పిల్లల పేరెత్తితే బెదరటం
* ఐదో తరగతికొచ్చినా చిన్న పేరా చదవలేకపోవటం
* ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు, ఒంటి మీద కోసుకున్న గాట్లు

మా బడిలో ఎవరూ లేరే?

చాలా బడుల్లో పరిస్థితి ఇదే. అలాగని చేతులు ముడుచుకు కూర్చోవాల్సిన పని లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకూ పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఎదుగుదల, చదువు ఇబ్బందులున్న పిల్లల్ని జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. జిల్లా ఆసుపత్రిలో ‘డైస్’ అని అడిగితే చెబుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోపరమైన వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. ‘ఎర్రగడ్డ’ అనగానే ముఖం చిట్లించే అలవాటు మానుకుందాం. పంటినొప్పికి పంటి డాక్టరు ఎలాగో ఇదీ అంతే.

రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల మీద వేధింపులు, హింస అయితే 1098 ఉంది. ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే పిల్లల్ని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకురండి.

ఆ బాబు ఏమయ్యాడు?

సైకాలజిస్టు వేసిన ప్రణాళికలో పెద్ద విషయాలేం లేవు. ముందే చెప్పకుండా క్లాసులో పైకి చదివించరు. వరస కింద స్కేలు పెట్టుకుని చదవనిస్తారు. చిన్న పరీక్షల్లో కొన్ని జవాబులు నోటితో చెప్పనిస్తారు. నవ్విన పిల్లలతో టీచరు మాట్లాడారు. వారానికి మూడు రోజులు స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర సాధన. ఇంట్లో పదిహేను నిమిషాలు అమ్మ ఒక వాక్యం, తను ఒక వాక్యం. అన్నిటికంటే కష్టమైంది ఒకటుంది. నొప్పి వచ్చినా బడికి పంపాలి. మరీ ఎక్కువైతే కాసేపు సిక్‌రూమ్‌లో పడుకుని తిరిగి క్లాసుకు వెళ్లాలి. ఇంటికి పంపించేస్తే, బడి తప్పితేనే నొప్పి తగ్గుతుందని మెదడు నేర్చేసుకుంటుంది. నేను మందులన్నీ ఆపేశాను.

మొదటి రెండు వారాలూ తల్లి ఏడుస్తూనే బస్సెక్కించింది. నెలన్నరకు నొప్పి వారానికి ఒకసారికి దిగింది. ఆ తర్వాత ఎప్పుడో గానీ రాలేదు. చదవటం ఇప్పటికీ నెమ్మదే. అది ఒక్క ఏడాదిలో పోయేది కాదని వాళ్లకు తెలుసు.

మొన్న వానల్లో జలుబు, జ్వరంతో వచ్చారు. చీటీ రాసి తలెత్తేసరికి వాడు గోడవైపు చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ‘చేతులు శు.. భ్రం.. గా కడుక్కోవాలి.’ నేను అడగలేదు. వాడే చదువుకున్నాడు.